గుంట

నెలాఖరు శనివారం, శ్రీకాకుళం పెద్దాసుపత్రి.
గుమస్తా వైకుంఠం తలా ఒక కాగితం పంచేడు.
"మీ మేస్టారు ఎలాగ సెప్తన్నారో రాయండమ్మా.
పేరొద్దు. నెంబరొద్దు.
నాలుగింటికల్లా ఇచ్చీయండి,
నాను ఆమదాలవలసలో బండందుకోవాలి."

కాగితం నిండా గళ్ళు,
ఒకటి నుంచి అయిదు దాకా.
వేళకి వస్తారా. విషయం తెలుసా.
సందేహాలు తీరుస్తారా.

పేరొద్దంటే నవ్వొచ్చింది.
బ్యాచ్‌లో పదకొండు మందిమి.
పదకొండు చేతిరాతలూ త్రినాథరావు గారికి
కేసు షీట్ల మీద కంఠతా వచ్చు.
కిరణ్మయి అన్నిటికీ అయిదు కొట్టేసి
"ప్రాక్టికల్స్ ఆయన చేతిలో ఉన్నాయే" అంటూ టీకి పోయింది.
లోకనాథం కిటికీ దగ్గర నిలబడి
ఎడంచేత్తో రాస్తున్నాడు,
నాలిక బయటపెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలాగ.

నేను ఆరో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
విద్యార్థులతో మర్యాదగా ఉంటారా.

కాలు ముట్టుకోవడం నాకు ఆయనే నేర్పారు.
ఉద్దానం నుంచి వచ్చే కాళ్ళు అవి,
జీడితోటల్లో తిరిగి పగిలిన మడమలు,
పైన తెల్లారేసరికి ఉబ్బిపోయిన పాదాలు.
"ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టు.
ఒత్తు. బలంగా కాదు, నిదానంగా.
ఇప్పుడు తియ్యి.
ఆ గుంట నిండడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టు.
ఒత్తడం ఎవడైనా ఒత్తుతాడు.
వేలు తీసేక చూసినోడే డాక్టరు."

దానికి అయిదుకి అయిదు.
ఆరో గడి ఉంటే ఆరు.

అదే నెలలో ఒక మంగళవారం
పద్నాలుగో మంచం. తామాడ సిమ్మమ్మ, కవిటి అవతల ఊరు.
క్రియాటినిన్ ఎంతన్నారు.
నా నోట్లో తొమ్మిది ఏడయింది.
"తొమ్మిది! ఏ గుంటా,
గొర్రెలు కాసుకోక ఇలా ఎందుకొచ్చేవు?"
వార్డంతా వింది.
సెలైన్ బాటిల్ మారుస్తున్న నర్సమ్మ చెయ్యి ఆగింది.

మా నాన్న గొర్రెలే కాస్తాడు సార్, బూర్జ దగ్గర.
గొర్రెలమ్మే నా ఫీజు కట్టేడు.
అది తిట్టని
ఆ రోజు దాకా నాకు తెలీదు.

మీరు పదిహేనో మంచానికి వెళ్ళిపోయారు.
సిమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.
"తొమ్మిదంటే పదికి తొమ్మిదేనా తల్లీ? మంచిదే కదా?"
ఆ లెక్క వేరమ్మా అన్నాను.
ఎలా వేరో చెప్పలేకపోయాను.
చాలాసేపు పైకప్పు చూసి, తనే అంది:
"మీ మేస్టారు మంచోరే.
కాలు ఒత్తి సూసేరు.
మొకమే సూడనేదు."

ఆరో ప్రశ్నకి మూడు పెట్టేను. కొట్టేసి రెండు.
అడుగున, ఇంకేమైనా ఉంటే, అని రెండు ఖాళీ గీతలు.
కుడిచేత్తోనే రాశాను,
ఎడమకి వాలే నా రాతలోనే.
"ఒత్తడం బాగా నేర్పుతారు సార్.
వేలు తీసేక మీరు ఆగరు."

వైకుంఠం కట్టకి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పడేసేడు.
చదువుతారో లేదో.
పన్నెండు రోజులు
ఆయన చెప్పుల చప్పుడుకి నా అరచేతులు తడిసేవి.
ఏమీ అనలేదు. పిలవలేదు.
నా కేసు షీట్ల మీద అవే ఎర్రగీతలు.
సిమ్మమ్మని పలాస డయాలసిస్‌కి రాసి పంపేశారు.

ఇవాళ పద్నాలుగో మంచం మీద
బారువలో వేటకెళ్ళే మనిషెవరో.
మేస్టారు ఒత్తేరు. తీసేరు.
తర్వాత మంచం కింద స్టూలు కాలితో లాక్కున్నారు.
ఒక కాలు పొట్టి ఆ స్టూలుకి.
దాని మీద అటూ ఇటూ ఊగుతూ
"నీ పేరేటి?" అన్నారు, ఆ మొహంలోకి చూసి.

నావైపు చూడలేదు.
నా గుంట ఇంకా నిండలేదు.
లెక్కపెడుతున్నాను.